ఎండ వేరు, వెలుతురు వేరు

పోయిన నెల, నేను ఖాళీ చేసిన కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. ల్యాబ్ సర్దుతోందట. అటక మీద నల్లగుడ్డ కప్పిన చెక్కపెట్టె ఒకటి కనబడిందట, లోపల ఏమీ లేదట, పారేయమంటారా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకూ అంది. రెండు ముక్కల్లో చెప్పబోయి, చెప్పలేక, రాసి పంపిస్తానన్నాను. ఆ అమ్మాయికీ, ఆ అమ్మాయిలాగే ఇప్పుడిప్పుడే ల్యాబుల్లో అడుగుపెడుతున్న మిగతావాళ్ళకీ ఈ రాత.

మాది ఎలమంచిలి దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు. బీఎస్సీ అయ్యాక విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. అక్కడే ముప్పై రెండేళ్ళు చేసి, అక్కడే దిగిపోయాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు, వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదంతా తప్పుల వల్లే. చిన్నాచితకా తప్పులు వదిలేసి పెద్దది ఒకటి చెప్తాను. అది నా తప్పు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దాని మీద హక్కు మాదంటూ తర్వాత చాలామంది బయల్దేరారు.

ఊపిరి లెక్కలు

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు మీ అందరికీ తెలుసు. అదొక లైకెన్. చూడ్డానికి ఒకటే మొక్కలా ఉంటుంది గానీ అందులో ఇద్దరు కాపురముంటారు. ఒకటి బూజు జాతిది. రెండోది వెలుతురుతో తిండి వండుకునే నాచు జాతిది. కొన్ని లైకెన్లలో ఈ వంటమనిషికి ఇంకో విద్య కూడా ఉంది. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి ఎరువుగా మార్చగలదు. మా నాన్న వరి ఊడ్పులకి ముందు పొలంలో జనుము చల్లి, ఏపుగా పెరిగాక కలియదున్నేసేవాడు. జనుము వేళ్ళ బుడిపెల్లో జరిగే పనే ఇదీను. కాకపోతే ఇక్కడ అడవిలో చెట్టు బెరడు మీద, ఎవరూ విత్తకుండా, దున్నకుండా జరిగిపోతుంది.

మేం పనిచేసిన లైకెన్ అనంతగిరి కొండల్లో మామిడి, పనస చెట్ల బెరడు మీద దొరికేది. నల్లగా ఉంటుంది. ఎండితే కాలిన కాగితంలా చిట్లిపోతుంది, తడిస్తే ఉబ్బి జిగురుగా మెత్తబడుతుంది. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరుంది. ల్యాబులో మేమందరం నల్లపాచి అనేవాళ్ళం.

ఆ నల్లపాచి వెలుతురులో ఎంత నత్రజని పడుతుంది, చీకట్లో ఎంత పడుతుంది అన్నది మా ప్రశ్న. నత్రజనిని నేరుగా కొలవడం కష్టం. దానికో కిటుకుంది. సీసాలో నల్లపాచి వేసి, మూత బిగించి, లోపలికి కాస్త ఎసిటిలిన్ ఎక్కిస్తాం. అదే, వెల్డింగ్ షాపుల్లో వాడే గ్యాసు. నత్రజనిని పట్టే ఎంజైమ్ ఉందే, అది ఎసిటిలిన్ దొరికితే దాని మీద పడి ఇథిలీన్‌గా మార్చేస్తుంది. రెండు గంటలాగి సీసాలోని గాలిని సూదితో లాగి యంత్రంలోకి ఎక్కిస్తే ఎంత ఇథిలీన్ తయారైందో తెలుస్తుంది. ఇథిలీన్ ఎక్కువైతే పని ఎక్కువ జరిగినట్టు. ఇంతే. ఆ సూదీ, ఆ సీసాలూ, ఆ యంత్రమూ నా చేతిలో ఉండేవి. ఇంట్లో మా ఆవిడ మాత్రం, ఈయన నాచు ఊపిరి లెక్కపెడతారు, దానికి జీతమిస్తారు అని చుట్టాలకి చెప్పేది.

పెట్టెలో తల

నా మీద అధికారి ఒక ప్రొఫెసర్. గోదావరి జిల్లా మనిషి. మా దగ్గర ప్రొఫెసర్లను మాస్టారూ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆయనలో లోపాలు లేవని రాయను. పొగడ్తకి లొంగేవారు. తనకి తట్టిన ఊహ మీద తనకే మురిపెం ఎక్కువ. కానీ ఒక్క పూట ఆయన నాకు నేర్పింది మూడేళ్ళ కాలేజీ నేర్పలేదు.

నేను చేరిన కొత్తలో, చీకటి కోసం చెక్కపెట్టె చేయించి దాని మీద కప్పడానికి పాత గొడుగుల గుడ్డ కుట్టించాను. బాగుందనుకున్నాను. మిట్టమధ్యాహ్నం మాస్టారు వచ్చి, పెట్టెని కిటికీ దగ్గరకి జరిపించి, తలుపు తీసి తల లోపల పెట్టి, పైనుంచి గుడ్డ కప్పమన్నారు. కప్పాను. అయిదు నిమిషాలు అలాగే వంగి ఉన్నారు. విభాగంలో ఆయనకున్న మర్యాదకి ఆ భంగిమ బొత్తిగా కుదరలేదు. దారిన పోయే విద్యార్థులు తొంగిచూసి నవ్వుకుంటున్నారు. లోపలి నుంచి మాట వినబడింది.

"రమణ గారూ, మీ చొక్కాకి పైనుంచి మూడో గుండీ లేదండి."

గొడుగు గుడ్డ నిండా సూదిమొన బెజ్జాలున్నాయి. ఆ రోజే దళసరి నల్లగుడ్డ రెండు పొరలు కుట్టించాను. చీకటి అని మనం రాసుకున్నంత మాత్రాన అది చీకటైపోదని, లోపలికి వెళ్ళి చూసొచ్చాకే ఆ మాట రాయాలని ఆ పూట తెలిసింది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా నెలకోసారి నేనే ఆ పెట్టెలో తల దూర్చి చూసేవాణ్ణి. నాకు వచ్చిన మెడనొప్పిలో సగం దానివల్లే.

అయితే చీకటిని ఇంత శ్రద్ధగా పరీక్షించిన మేం వెలుతురును మాత్రం ఒక్కసారి కూడా పరీక్షించలేదు. వెలుతురు కనబడుతూనే ఉంటుంది కదా, దాన్ని పరీక్షించేదేముంది అనుకున్నాం.

మాధురి

దిగిపోవడానికి కొన్నేళ్ళ ముందు మాధురి అనే అమ్మాయి మాస్టారి దగ్గర పీహెచ్‌డీకి చేరింది. వాళ్ళది కృష్ణా జిల్లా, తండ్రి ఉద్యోగం వల్ల స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో పెరిగింది. తెల్లారే బస్సెక్కి కొండకి వెళ్ళి, జారుడు బెరడు మీద చాకుతో నల్లపాచి గీకి, తడిగుడ్డలో చుట్టి మధ్యాహ్నానికల్లా పట్టుకొచ్చేది. ప్రశ్న మీద ప్రశ్న వేసేది. నాకు మొదట్లో విసుగొచ్చేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఆ పిల్ల రాని రోజు ల్యాబు బోసిగా ఉండేది.

వెలుతురు, చీకటి ప్రయోగమే ఆమె థీసిస్‌కి గుండెకాయ. ఫెలోషిప్ మార్చితో అయిపోతుంది. నల్లపాచి బతికి పచ్చిగా ఉండేది వానల్లోనే. అంటే ఆమె చేతిలో మిగిలింది ఒక్క వానాకాలం. అది జారిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, ఫెలోషిప్ లేకుండా.

పద్ధతి ఇదీ. ముందురోజు తెచ్చిన నల్లపాచిని పొద్దున్నే రెండు ట్రేల్లో పరుస్తాం. ఒక ట్రే ట్యూబులైట్లు బిగించిన అరలో, రెండోది నల్లగుడ్డ పెట్టెలో. గంటకోసారి రెండింటి మీదా నీళ్ళు చిలకరించాలి. ఆ తర్వాత సీసాల్లోకి మార్చి కొలవాలి. ట్రేలు కలిసిపోకుండా నేను తెల్ల ప్లాస్టర్ ముక్కల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి అంటించాను. వెలుతురు అని రాయడానికి జాగా చాలలేదో, బద్ధకించానో, ఒకదాని మీద 'ఎండ' అనీ రెండోదాని మీద 'చీకటి' అనీ రాశాను. ట్రేలు పెట్టేదీ తీసేదీ నేనే కదా, నాకు అర్థమైతే చాలనుకున్నాను.

సీసాలూ యంత్రమూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ట్రయల్ కొలతలయ్యాయి. వానలు తెరిపిచ్చి అసలు కొలతలు మొదలయ్యే వారానికే నాకు హెర్నియా ఆపరేషన్ పడింది. మూడు వారాలు పెందుర్తిలో ఇంటి మంచానికి అంటుకుపోయాను.

నూకాలమ్మ

మా ల్యాబులో గాజుసామాను కడిగే నూకాలమ్మది జాలరిపేట. వాళ్ళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని బీచిరోడ్డంతా తిరిగిన మనిషి. నూకాలమ్మ అయిదో తరగతి దాకా చదివింది. రోజుకూలీ మీద పనిచేసేది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఒక్క అక్షరం తగ్గదు, ఒక్క అక్షరం పెరగదు. ఇరవై ఏళ్ళలో ఒక్క పిపెట్ విరగ్గొట్టలేదు. అది నేను ఏ టెక్నీషియన్ గురించీ చెప్పలేను, నాతో సహా.

ట్రేల పని ఆమెకి అప్పజెప్పమని మంచం మీంచి ఫోన్లో నేనే మాధురితో అన్నాను. నూకాలమ్మకీ ఫోన్లోనే చెప్పాను. ఎండ అని రాసున్న ట్రే ఎండలో, చీకటి అని రాసున్నది పెట్టెలో, పాప కొండ మీంచి వచ్చి అడిగేటప్పటికి రెండూ తడిగా ఉండాలి. మూడే ముక్కలు. మూడూ నా నోటివే. కొలిచే యంత్రం వేరే భవనంలో ఉండేది కాబట్టి మాధురికి ట్రేలు చేతికి అందడమే తప్ప అవి పొద్దుటి నుంచీ ఎక్కడున్నాయో తెలిసే అవకాశం లేదు.

నేను తిరిగి పనిలోకి వెళ్ళేసరికి కొలతలన్నీ అయిపోయాయి. ల్యాబంతా పండగలా ఉంది. ఎందుకంటే అంకెలు తలకిందులుగా వచ్చాయి. వెలుతురులో పెట్టిన నల్లపాచి నత్రజనిని దాదాపు పట్టనే లేదు. చీకట్లో పెట్టినది శుభ్రంగా పట్టింది. వండుకోవడానికి వెలుతురు కావాల్సిన జీవి చీకట్లోనే ఎక్కువ పనిచేస్తోందంటే అది మామూలు సంగతి కాదు.

మాస్టారికి వెంటనే కారణం తోచింది. వెలుతురులో వంట జరిగేటప్పుడు ఆక్సిజన్ పుడుతుంది, నత్రజనిని పట్టే ఎంజైమ్‌కి ఆక్సిజన్ గిట్టదు, కాబట్టి చీకట్లోనే దానికి సుఖం. చక్కగా అతికింది. ఇది చదివే పిల్లలకి నా అనుభవం మీద ఒక మాట చెప్తాను. బాగా చదువుకున్న వాడి చేతికి ఏ అంకె ఇచ్చినా దానికో కారణం చెప్పగలడు. కారణం బాగుందని అంకె నిజమైపోదు. ఈ మాట అప్పుడు నాకు తట్టలేదు, నేనూ వాళ్ళతో పాటు స్వీటు తిన్నాను. మాధురి అధ్యాయం రాయడం మొదలుపెట్టింది. మాస్టారు ఒక సదస్సుకి సారాంశం పంపేశారు.

కార్తీకం అయ్యాక

కార్తీకమాసం వెళ్ళాక ఒక ఉదయం నూకాలమ్మ కాగితం పొట్లం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. ఆపరేషన్ అయిన మనిషిని, నోరు చప్పగా ఉంటుందని నాకోసం అట్టేపెట్టిందట. ఇన్నాళ్ళూ కార్తీకమని ఇవ్వలేదట. పొట్లం విప్పి వాసన చూసి మెచ్చుకున్నాను. ఇసక లేకుండా ఎంత శుభ్రంగా ఎండాయో అన్నాను.

"ఇసకెలాగుంతాది బాబూ, మన మేడమీదే ఎండబెట్టినాను. మీ నల్లపాసి ట్రే పక్కనే."

పొట్లం నా చేతిలోనే ఉంది. నల్లపాచి ట్రే మేడ మీదికి ఎందుకెళ్ళిందని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది. ఎండ అని రాసి ఉంది, ఎండలో పెట్టమని నేను చెప్పాను, ఎండ మేడ మీదే కదా ఉండేది. పాచి కింద కూడా ఎండాలని మధ్యలో రెండుసార్లు తిరగేసింది కూడానట. పాప వచ్చే వేళకి తడిగా ఉండాలన్నాను కాబట్టి దింపేముందు నీళ్ళు చిలకరించి ఇచ్చేసిందట. ట్యూబులైట్ల అర నీకు కనబడలేదా అని అడిగాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అది లైటు గదా బాబూ, ఎండ కాదు గదా."

తడారిన లైకెన్ ఏ పనీ చెయ్యదు. వండుకోదు, నత్రజనిని పట్టదు. మళ్ళీ తడిపినా లేచి కూర్చుని పనిలో పడటానికి గంటలు పడుతుంది. నూకాలమ్మ ఎండబెట్టిన నల్లపాచికి మాధురి కొలిచే వేళకి ఒంటి మీద నీళ్ళే తప్ప ఒంట్లో ప్రాణం లేదు. పెట్టెలోది మాత్రం చల్లగా, తడిగా ఉండి, తన పని తాను చేసుకుపోయింది. మేం కొలిచింది వెలుతురునీ చీకటినీ కాదు, ఎండునీ తడినీ. ఆ తలకిందుల శాస్త్రమంతా నేను బద్ధకించి రాసిన రెండక్షరాల మీద నిలబడి ఉంది.

మూడు రోజులు

ఇప్పుడు రాయబోయేది రాయకుండా వదిలేస్తే బాగుండునని ఉంది. మూడు రోజులు నేనెవరికీ చెప్పలేదు. మాధురి అధ్యాయం టైపు చేస్తూ మధ్యలో వచ్చి పట్టికలు సరిచూడమని అడిగేది, నేను కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటించేవాణ్ణి. చెప్తే ఆ పిల్లకి ఏడాది పోతుంది. చెప్పకపోతే అబద్ధం మీద డాక్టరేటు వస్తుంది, ఎవరో ఒకరు అదే ప్రయోగం మళ్ళీ చేసిన రోజున ఆమె పేరు పోతుంది. రెండూ తెలిసే నోరు మూసుకున్నాను.

నాలుగో రోజు మాస్టారి గదిలోకి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మొదటి వాక్యం ఇది: నూకాలమ్మ ట్రేని మేడమీద ఎండలో పెట్టేసిందట మాస్టారూ.

అబద్ధం కాదు. కానీ ఆ వాక్యం ఎందుకలా తయారైందో నాకు తెలుసు. రోజుకూలీ మనిషి పేరు ముందు పెట్టి నేను వెనక నిలబడ్డాను. ఆమెను రేపట్నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. నా ఉద్యోగం పర్మినెంటు.

మాస్టారు చాలా నెమ్మదిగా అడిగారు.

"ఆవిడకి ఎండలో పెట్టమని ఎవరు చెప్పారండి?"

నేనేనండి, అన్నాను. లేబుల్ సంగతి, ఫోన్ సంగతి, మూడు రోజుల సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన కోప్పడితే బాగుండునని నిలబడ్డాను. కోప్పడలేదు. మంచినీళ్ళు తాగి, ముందు ఆ అమ్మాయికి చెప్పాలి, నేను చెప్తాను, మీరు పక్కనుండండి అన్నారు. ఆ తర్వాత సదస్సువాళ్ళకి సారాంశం వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసి నన్నే టైపు చెయ్యమన్నారు. అందులో నా పేరు లేదు, నూకాలమ్మ పేరు లేదు. 'నా పర్యవేక్షణలో జరిగిన లోపం వల్ల' అని ఉంది. పొగడ్తకి లొంగే మనిషి అన్నాను కదా. ఆ ఉత్తరం టైపు చేసిన రోజు నుంచి ఆయన మిగతా లోపాలేవీ నాకు పెద్దగా కనబడలేదు.

మాధురి అంతా వింది. ఏడవలేదు. బ్యాగు తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది. తర్వాత రెండు వారాలు వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. నేనున్న గదిలోకి రాకుండా, అవసరమైనవి చీటీ మీద రాసి నూకాలమ్మతో పంపేది. అది నాకు తగిందే. మనవల్ల ఒకరి ఏడాది పోయినప్పుడు, క్షమించెయ్యమని వాళ్ళ వెంట పడకూడదు. పడితే అది ఇంకో బరువు. నేను గాజుసామాను సర్దుకుంటూ ఊరుకున్నాను.

మూడోవారం ఒక మధ్యాహ్నం నా బల్ల ముందుకి వచ్చి నిలబడింది. కోపం ఇంకా ఉంది, ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ దానికన్నా పెద్దది ఇంకేదో ఆమెను నా దగ్గరికి తోసుకొచ్చింది.

"రమణ గారూ, ఆ ఎండినవి చచ్చిపోయాయా, పడుకున్నాయా?"

తెలీదమ్మా అన్నాను. తెలుసుకుందామా అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అయిదు పదులు దాటిన మనిషిని, పరువు పోతుందని వంగి సీసా మూత వెతికాను.

మళ్ళీ వానలు

మార్చిలో ఫెలోషిప్ ఆగిపోయింది. మాధురి పొద్దున్న గాజువాకలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ల్యాబుకి వచ్చేది. జులైలో వానలు పడ్డాయి. సెలవు దొరికినప్పుడల్లా నేనూ కొండకి వెళ్ళాను. ఆ బెరడు మీద జారి పడకుండా నల్లపాచి గీకడం ఎంత కష్టమో అన్నేళ్ళ ఉద్యోగంలో అప్పుడే తెలిసింది. అంతకుముందు వాటిని ట్రేలో చూసినవాణ్ణే.

ఈసారి ట్రేల పని ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. నూకాలమ్మకే అన్నాను. మాస్టారు తలూపారు. లేబుళ్ళ మీద ఏం రాయాలో ఆమెనే అడిగాం. ఆమె రెండు నిమిషాలు ఆలోచించి, ఒకదాని మీద 'లైటు' అనీ, రెండోదాని మీద 'పెట్టె' అనీ, మూడోదాని మీద 'మేడ' అనీ రాయమంది. వస్తువు ఏమిటన్నది కాదు, ఎక్కడుండాలన్నది రాయమంది. మా ముగ్గురికీ కలిపి ఉన్న డిగ్రీలకి ఆ ఆలోచన రాలేదు. మీరు దేనికైనా పేరు పెట్టేముందు, ఆ పేరు చదివి పని చెయ్యాల్సిన మనిషిని అడగండి. నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్న వాటిల్లో మీకు పనికొచ్చేది ఇదొక్కటే అయినా నాకు చాలు.

ఆ 'మేడ' ట్రే మాధురి కావాలని పెట్టించింది. ఎంతసేపట్లో ఎండుతుంది, ఎండాక తడిపితే ఎంతసేపటికి తేరుకుంటుంది అన్నది చూడ్డానికి. ఎండేపని దగ్గర మాకు గురువు నూకాలమ్మే. ముట్టుకుని చూసి, పైన ఆరింది గానీ లోపల ఇంకా తేమ ఉందనేది. తూకం వేసి చూస్తే ఆమె మాటే నిజమయ్యేది. నెత్తళ్ళతో పెరిగిన వేళ్ళు అవి.

ఈసారి అంకెలు తిన్నగా వచ్చాయి. తడి, వెలుతురు రెండూ ఉన్నప్పుడు నల్లపాచి నత్రజనిని బాగా పట్టింది. చీకట్లో పెట్టినా వెంటనే ఆగిపోలేదు. వెలుతురున్నప్పుడు వండి దాచుకున్న తిండితో కొన్ని గంటలు లాక్కొచ్చి, అది అయిపోతున్నకొద్దీ మెల్లగా తగ్గింది. ముందురోజంతా మంచి వెలుతురులో ఉన్నది చీకట్లో ఎక్కువసేపు నిలబడింది. మబ్బురోజు కోసుకొచ్చింది తొందరగా డీలా పడింది. ఎండినది ఏమీ చెయ్యలేదు. కానీ చావలేదు. తడిపి వెలుతురులో ఉంచితే, మొదట ఊపిరి తీసి, తర్వాత వంట మొదలెట్టి, అన్నిటికన్నా ఆఖర్న నత్రజని పట్టడం మొదలెట్టింది. మాధురి ఆ ఆఖరి కొలత చూసిన రోజు యంత్రం గదిలోంచి పరిగెత్తుకొచ్చి, పడుకున్నాయండీ, పడుకున్నాయంతే అని మొదట చెప్పింది నాకూ నూకాలమ్మకీ. మాస్టారికి తర్వాత చెప్పింది. ఎండబెట్టిన ట్రే థీసిస్‌లో ఒక కొత్త అధ్యాయమైంది.

నలుగురు

థీసిస్ ఇచ్చాక మౌఖిక పరీక్ష పెట్టారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, నేనూ ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పరీక్ష చెయ్యడానికి వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తెలుగు రాదు. ముఖాన నవ్వన్నది లేదు. గంటసేపు మాధురిని ఉతికి ఆరేశారు. ఆమె తడబడకుండా చెప్తోంది. చివరికి ఆయన థీసిస్‌లో ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగారు. మొదటిసారి చేసిన కొలతలన్నీ వదిలేశామని ఒక్క వాక్యం రాశారు, ఎందుకు వదిలేశారు, ఎవరి తప్పు, ఆ తప్పు మిగతా అంకెల్లో లేదని నేనెలా నమ్మాలి అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న మీద థీసిస్ వెనక్కి పోవచ్చు.

తప్పు నాదండి, అంది మాధురి. ట్రేలు చేతికందితే తీసుకున్నాను, అవి ఎక్కడున్నాయో ఒక్కరోజు కూడా వెళ్ళి చూడలేదు, చూసుంటే మొదటి రోజే తెలిసేది అంది. నూకాలమ్మ మాట గానీ నా మాట గానీ ఎత్తలేదు. మాస్టారు వెంటనే అడ్డొచ్చారు. పరీక్షలో గైడు మాట్లాడకూడదని తెలిసి కూడా, చూసుకోవలసింది నేను, తప్పు నాది అన్నారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. పిలవకపోయినా లేచి, లేబుల్ తప్పు రాసింది నేనండి అన్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆ ఒక్క ముక్కకి సరిపోయింది.

ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పటికి నూకాలమ్మ టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా, ఏ సంగతి మీద మాట్లాడుకుంటున్నామో మా ముఖాలు చూసి పట్టేసింది.

"ఎండలో ఎట్టినది నాను గదా. మీరందరూ దెబ్బలాడుకుంతారేటి?"

ఆవిడ ఏమంటోందని పెద్దాయన అడిగారు. మాస్టారు చేత్తో మాధురికి సైగ చేశారు. మాధురి చెప్పింది. ఆయన పెన్ను మూత తీశారు. పరీక్ష చెయ్యడానికి నేను ఎన్నో ల్యాబులకి వెళ్ళాను, తప్పు దొరికిన చోటల్లా అది చేసిన మనిషి మాత్రం దొరకడు, ఇక్కడ నలుగురు దొరికారు, ఈ అంకెల మీద నేను అడగవలసిందేమీ లేదు అన్నారు. అని, సంతకం పెట్టి, లేచి వెళ్ళి నూకాలమ్మ పళ్ళెంలోంచి టీ కప్పు తనే తీసుకున్నారు.